కొసరు డబ్బాలు

తూకానికి తొమ్మిది రోజులు

సర్కారు పుస్తకంలో బరువులు తప్ప మరేదీ రాయకూడదు. అందుకని ఈ పుస్తకం విడిగా పెట్టుకున్నాను. నా పేరు మంగతాయారు. ఐదు దిబ్బల దేశానికి ఉన్న ఒకే ఒక్క అణు కేంద్రంలో ఇంధనపు కొట్టు నా చేతి కింద ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా దాని తాళాలు నా నడుముకే వేలాడుతున్నాయి. నడుము వంగింది గానీ తాళాలు మారలేదు.

పొద్దున లేచి తీపి కుళాయి కింద రెండు బిందెలు పట్టాను. మనిషికి రోజుకు ఇరవై లీటర్లు. కేంద్రం సముద్రాన్ని కాచి మాకిచ్చే నీళ్ళవి. దిబ్బల మీద చివరి నుయ్యి నా చిన్నతనంలోనే ఉప్పెక్కిపోయింది. కేంద్రం ఆగితే కరెంటు లేకుండా ఎలాగో బతుకుతాం. నీళ్ళు లేకుండా ఎన్నాళ్ళు బతుకుతామో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇవాళ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సమితి నుంచి తనిఖీ అధికారి పడవ దిగాడు. పేరు లింబాద్రి. మెట్ట సీమ మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. మేం కరెంటు పేరు చెప్పి బాంబు చేస్తున్నామని సమితికి అనుమానం. రెండేళ్ళుగా ఇదే గోల. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, కొట్టులో ఉన్నదంతా ఆయన తూస్తాడు. పుస్తకంతో సరిపోతే కేంద్రం వాళ్ళ సీలు కింద నడుస్తుంది. సరిపోకపోతే ఇంధనం మొత్తం ఓడకెక్కించుకుని పోతారు.

రేవులో ఆయనకి గ్లాసుడు నీళ్ళిచ్చాను. తాగి మొహం అదోలా పెట్టాడు.

"మీ నీళ్ళు సప్పగున్నయక్కా."

"ఉప్పు తీసేశాక చప్పగా కాక కారంగా ఉంటాయా అండి?" అన్నాను.

నవ్వాడు. నవ్వే మనిషైతే పని తేలికవుతుందనుకున్నాను.

తూకానికి ఎనిమిది రోజులు

ముందు పుస్తకాలు చూస్తానన్నాడు. ముప్ఫై ఒక్క సంపుటాలు బల్ల మీద పేర్చాను. మొదటి అయిదూ నాకు ముందు కొట్టు చూసిన దొరబాబు గారి చేతిరాత, మిగిలినవన్నీ నావి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. మధ్యలో నేను రెండుసార్లు టీ పెట్టాను, రెండూ చల్లారిపోయాయి.

"ముప్పయ్యొక్క ఏండ్లు. ఒక్క గ్రాము తేడా లేదు" అన్నాడు చివరికి.

నా ఒళ్ళు పొంగిపోయింది. "మా కొట్టు అలాంటిదండి" అన్నాను.

ఆయన మాత్రం నవ్వలేదు. "మీ ఇంధనం పొడి గదా అక్కా. చేతిగుడ్డలకు అంటుకుంటది, గొట్టాలల్ల ఇరుకుతది, గాలి జల్లెడల పడతది. నేను పద్నాలుగు దేశాల కొట్లు జూసిన. అన్నిట్ల ఇంతో అంతో పోతది. గీడ పోయింది ఏడ రాసిన్రు?"

టీ గ్లాసులు పక్కకి తీశాను. ఇన్నేళ్ళూ గొప్పనుకున్నదే ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఆ పోయిందంతా ఎక్కడినుంచి పూడ్చామో నాకు తెలుసు.

తూకానికి ఏడు రోజులు

కొసరు సంగతి రాయాలి.

నేను పనిలో చేరిన మొదటిరోజు దొరబాబు గారు నన్ను కొట్టు వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. గోడలో గూళ్ళు, గూటికొక సీసపు డబ్బా. ఇంట్లో ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఉంచుతారు చూడు, ఇదీ అంతే అన్నారు. పొడి షెడ్డు నుంచి వచ్చే ప్రతి డబ్బాలో రాసినదానికంటే చిటికెడు ఎక్కువ ఉంటుంది. తూకం తగ్గిందన్న మాట రాకూడదని షెడ్డు వాళ్ళు వేసే కొసరది. ఆ చిటికెడు మేం తీసి గూట్లో పెడతాం. ఏ నెలలోనైనా తూకం తగ్గితే గూట్లోంచి తీసి పూడుస్తాం. పుస్తకం ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది. దీన్ని దొంగతనమని ఎవరమూ అనుకోలేదు. ఇలా చేయని కొట్టు కొట్టే కాదనుకున్నాం.

ఆ గూళ్ళలో మొత్తం ఎంతుందో ఇన్నేళ్ళలో ఎవరూ తూచలేదు. అవసరం రాలేదు.

ఇవాళ లింబాద్రి గారు భోజనానికి వెళ్ళినప్పుడు తూచాను. ఒక్కొక్క డబ్బా తీసి, తూచి, మళ్ళీ దాని గూట్లో పెట్టాను. డబ్బాకూ డబ్బాకూ మూరెడు దూరం ఉండాలి, దగ్గరకు చేరిస్తే పొడి మాట వినదు, తనంతట తనే రాజుకుని పక్కనున్నవాళ్ళని చంపేస్తుంది. పదకొండు డబ్బాలు. ఎనిమిది కిలోల రెండువందల అరవై గ్రాములు.

ఒప్పందం పద్నాలుగో పేజీ తీసి చదివాను. పుస్తకంలో లేని పొడి ఎనిమిది కిలోల లోపు బయటపడి, దాన్ని మేమే చూపిస్తే పొరపాటు. ఎనిమిది దాటితే ఆయుధ కార్యక్రమం. ఒక బాంబుకి అంత చాలట.

ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను. లింబాద్రి గారు తిరిగొచ్చేదాకా చదువుతూనే ఉన్నాను.

తూకానికి ఆరు రోజులు

సెలవు పెట్టి మూడో దిబ్బకి పడవెక్కాను. దొరబాబు గారికి డెబ్బై ఎనిమిది. చూపు మందగించింది, నాలుక మాత్రం మందగించలేదు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను, రక్తసంబంధం ఏమీ లేదు.

అంకె చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకున్నారు.

"మూడొందల గ్రాములు తీసేత్తే ఎనిమిది లోపేగా. అవి తీసి ఇంకో గోడలో పెట్టు. మిగిలింది సూపించు. అయిపోద్ది."

"ఆ మూడొందలూ?"

"ఉంటాయి. ఎప్పుడైనా తూకం తగ్గితే పనికొత్తాయి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "బాబాయ్, ఇది బియ్యం కాదు. దీని కోసం సమితి ఓడలు మన సముద్రం కొసన కాసుక్కూర్చున్నాయి. నాలుగు లక్షల మంది నీళ్ళు దీంట్లో ఉన్నాయి."

 ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"నేనేం బాంబు సెయ్యలేదే తాయారూ. లెక్క తప్పకూడదనే కదా."

"తెలుసు బాబాయ్."

"నీకు తెలుసు. ఆళ్ళకి తెల్దుగా."

కోపం కరిగి జాలిగా మారింది. వచ్చేటప్పుడు ఆయన బిందెలో నీళ్ళు నింపి వచ్చాను. ఆయన వీథి కుళాయికి వెళ్ళలేరు.

తూకానికి అయిదు రోజులు

కేంద్రం అధిపతి కృపానందం గారికి చెప్పాను. చెప్పడం నా విధి. ఆయన లేచి తలుపు మూశారు. తిడతారనుకున్నాను. ఆయన మొహం వెలిగింది.

"ఎనిమిది దాటిందా? అంటే ఒకటి అవుతుందన్నమాట."

"ఏది అవుతుందండి?"

"తాయారు గారూ, మీరు కొట్టులో కూర్చుంటారు. నేను రాజధానిలో సమితి వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. వదులుకో అన్నప్పుడు వదులుకున్న దేశాల్లో ఏది ఇవాళ తన మాట తను మాట్లాడుతోంది? మన సముద్రంలో మన పడవలకి వాళ్ళ పర్మిట్టు కావాలి. మనకి ఒకటి ఉందని తెలిస్తే ఆ ఓడలు ఉంటాయంటారా?"

ఆ మాట నాకు తగల్లేదని అబద్ధం రాయను. పోయినేడు మా తమ్ముడి పడవని వాళ్ళు మూడు వారాలు ఆపేశారు. వల కుళ్ళిపోయింది. ఆ కోపం నాలో ఇంకా ఉంది.

"మనం బాంబు చెయ్యట్లేదని మీరే కదండీ సంతకం పెట్టారు?"

"చెయ్యట్లేదు. దేవుడే ఇచ్చాడు." తర్వాత గొంతు తగ్గించి, తూకం అయ్యేదాకా నోరు మెదపవద్దనీ, అయ్యాక డబ్బాలన్నీ ఒక ట్రంకులో పెట్టి రాజధానికి పంపుదామనీ అన్నారు.

"ఒక ట్రంకులో పెడితే మోసేవాళ్ళు మెట్లు దిగేలోపే పోతారండి. ఒకదానికొకటి మూరెడు దూరం ఉండాలి" అన్నాను.

ఆయనకి ఆ సంగతి తెలియదు. కేంద్రానికి అధిపతి, డబ్బాల దూరం తెలియదు. ఈయన చేతికి బాంబు.

తూకానికి మూడు రోజులు

మధ్యాహ్నం డాబా మీద లింబాద్రి గారు జొన్నరొట్టె తింటున్నారు. మా చేపలు ఆయనకి పడవు. నేను నా క్యారేజీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. మీది ఏ ఊరండీ అని అడిగాను, ఊరికే, మాట కోసం.

"మా ఊరు గుట్టల కిందుండె. పక్క దేశమోళ్ళు గూడ మీ తీర్గనే కరెంటు కోసమే అన్నరు. సంతకం జేసిన్రు. తనిఖీకి పోయినాయన సూసి, ఏం లేదని రాసిచ్చిండు. నేనప్పుడు పట్నంల సదువుకుంటున్న."

"ఇప్పుడు ఊళ్ళో ఎవరున్నారు?"

"ఊరు లేదక్కా."

రొట్టె ముక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఆయనే అన్నాడు, "మీ నీళ్ళు బంద్ జెయ్యాల్నని నాకు లేదు. నాకు ఒక్కటే గావాలె. లేదు అంటే నిజంగ లేదని. గంతే."

క్యారేజీ మూత పెట్టేశాను. నాలుగు లక్షల మంది ఒక పక్క, ఆ లేని ఊరు ఒక పక్క. ఇంకెవరితోనైనా మాట్లాడితే మనసు మారుతుందని భయం వేసింది. "రండి" అని ఆయన్ని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి గూళ్ళు చూపించాను. పిడికెడు బియ్యం సంగతి, కొసరు సంగతి, పదకొండు డబ్బాల బరువు, అన్నీ చెప్పాను. మూడొందల గ్రాములు తీసేయమన్న సలహా కూడా చెప్పాను, ఎవరిచ్చారో మాత్రం చెప్పలేదు.

ఆయన ఒక్కొక్క గూడూ చూసుకుంటూ నడిచాడు. చివరి డబ్బా దగ్గర ఆగాడు.

"మూరెడు దూరం ఎవరు వెట్టిన్రు?"

"మొదట్నుంచీ అంతేనండి."

"బాంబు జేసెటోళ్ళు గీ డబ్బాల లెక్క పుస్తకంల రాసుకుంటరు. మీరు రాసుకోలేదు" అన్నాడు. అది మెచ్చుకోలో నేరారోపణో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం కృపానందం గారు కబురంది నా గదికి వచ్చారు. "దేశాన్ని చేతిలో పెట్టి ఇచ్చేశారు" అన్నారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

తూకం రోజు

పుస్తకంలోని సరుకు సరిపోయింది. గ్రాముతో సహా. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, అందరి కళ్ళూ గూళ్ళ వైపే.

తనిఖీ ఆయన కొసరు డబ్బాలు తూచాడు. ఎనిమిది కిలోల రెండువందల అరవై. మళ్ళీ తూచాడు. అంతే వచ్చింది. కృపానందం గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఇంటికెళ్ళి తమ్ముడి పిల్లలకి ఏం చెప్పాలా అని ఆలోచించాను.

లింబాద్రి గారు ఒక డబ్బాని అద్దాల పెట్టెలోకి చేర్చి, దానికున్న తొడుగుల్లో చేతులు పెట్టి మూత తీసి, పొడిని గరిటెతో కదిపారు. ముద్దలు ముద్దలుగా ఉంది.

"మీ దగ్గర గాలిల తడి శానా ఉంది గదా?"

"ఉప్పు గాలండి. ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది."

"పద్నాలుగో పేజీల ఎండిన బరువు అని రాసుంది" అన్నాడు.

ఆ మాట నేను నూరుసార్లు చదివాను, నా బుర్రకి ఎక్కలేదు. పదకొండు డబ్బాలూ ఒకదాని తర్వాత ఒకటి ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టాం. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం అయిదైంది. ఒక్కో డబ్బా బయటికి రాగానే బరువు తగ్గుతోంది. ముప్ఫై గ్రాములు, ఇరవై ఎనిమిది, ముప్ఫై ఒకటి. నేను కూడుతూ పోయాను, చెమటకి అంకెలు చెదిరిపోతుంటే మళ్ళీ రాశాను. చివరికి ఏడు కిలోల తొమ్మిదివందల నలభై.

అరవై గ్రాములతో మా దేశం బతికింది.

ఏడ్చాను. చిన్నపిల్లలా, అందరి ముందూ. లింబాద్రి గారు మొహం పక్కకి తిప్పుకున్నారు గానీ ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

తూకం తర్వాత రెండో రోజు

పదకొండు కొసరు డబ్బాలకూ సమితి సీలు వేసి పడవెక్కించారు. వెళ్ళే ముందు లింబాద్రి గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. ఈ దేశంలో లెక్కకు రాని పొడి ఇంకెక్కడా లేదని కొట్టు అధికారి ధ్రువీకరణ.

"నాకు తెలిసినంతవరకు అని రాయొచ్చా అండీ?"

"లేదక్కా. ఉన్నది, లేదు. రెండే మాటలు."

"ఒకవేళ తప్పని తేలితే?"

ఆయన పడవ వైపు చూశాడు. "గప్పుడు నన్ను పంపరు. కాయితాలు గూడ పంపరు. ఇమానాలొస్తయి."

ఒక్క క్షణం ఆగాను. కొట్టులో ప్రతి గూడూ నా చేత్తో తుడిచాను. లేదు అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్ళలో ఇంత తేలికగా ఏ సంతకమూ పెట్టలేదు. ఆరు నెలలకొకసారి వస్తానన్నాడు. వచ్చేసారి జొన్నపిండి తెస్తాను, మీరే రొట్టె చెయ్యండి అన్నాడు. నాకు రాదండి అన్నాను, నేర్పుతా అన్నాడు. పడవ కనపడినంతసేపూ రేవులోనే నిలబడ్డాను.

తూకం తర్వాత నాలుగో రోజు

పొద్దున పదింటికి పొడి షెడ్డు మేస్త్రీ తాతారావు బండి తోసుకుంటూ వచ్చాడు. మొహం నిండా నవ్వు. బండిలో సామాన్ల అడుగున తువ్వాలు చుట్టిన రెండు సీసపు డబ్బాలు, మధ్యలో మూరెడు ఎడం.

"ఇయ్యి కూడా కలిపేసుకోండి తాయారు గారూ. కొసరు సంగతి మీరు సెప్పేసేరంట గదా. అందరం ఒడ్డున పడ్డాం. ఇది మా కొసరండి."

"మీ కొసరేమిటి?"

"మీకిచ్చే డబ్బాలో తగ్గితే మాట వత్తాది గదండి. అందుకని మేవూ ఓ పక్కన ఉంచుతాం. కొలిమి వెనకాల ఇటుక తీత్తే గూడుంటాది. మా మావయ్య కాలం నుంచీ ఉందండి అది."

"తనిఖీ ఆయన షెడ్డుకి వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు తాతారావూ?"

"పుస్తకం ఉందా అనడిగేరు. లేదన్నాను. షెడ్డుకి పుస్తకం ఉండదు గదండి." నా మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఏవైందండి?"

ఓవెన్‌లో ఎండబెట్టి తూచాను. ఒక కిలో నూట పది గ్రాములు. ముందు తేలినదానితో కలిపితే తొమ్మిది కిలోల యాభై గ్రాములు.

అతనికేం చెప్పను? మంచి పని చేశాననుకుని తెచ్చాడు. ఎవరితోనూ అనకు అన్నాను. అప్పటికే కృపానందం గారితో అన్నాడట, దారిలో కనబడితే. "మంచిది, ఆవిడకే ఇవ్వు అన్నారండి" అన్నాడు.

అతను వెళ్ళాక తలుపు గడియ వేసి అన్ని దారులూ ఆలోచించాను. లింబాద్రి గారికి వైర్‌లెస్‌లో చెబితే ఒప్పందం ప్రకారం నా ధ్రువీకరణ అబద్ధం, పైగా మొత్తం ఎనిమిది దాటింది. కేంద్రం మీద విమానాలు వస్తాయి. సముద్రంలో పారబోద్దామంటే, కేంద్రం కాచి మాకు పోసేది ఆ సముద్రాన్నే. కొట్టు సరుకులో కలిపేద్దామంటే పుస్తకం తప్పుతుంది, పైగా ఇప్పుడు ప్రతి డబ్బాకీ సీలుంది. దొరబాబు గారిని అడగాలనిపించింది. ఆయన ఏమంటారో తెలుసు కాబట్టి వెళ్ళలేదు.

సాయంత్రం కృపానందం గారు వచ్చారు. పోయినసారి కూర్చోమంటే కూర్చోని మనిషి ఇవాళ తనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ట్రంకు ఊసెత్తలేదు. రాజధాని పేరూ ఎత్తలేదు.

"షెడ్డులోనూ కొట్టులోనూ కలిపి ఏటా ఎంత కొసరు మిగులుతుందంటారు?" అని మాత్రం అడిగారు.

"మూడొందల గ్రాములు ఉంటుందేమోనండి."

"పోనీండి, తొందరేమీ లేదు" అన్నారు. లేస్తూ, "మీ చేతిలో ఉంటే నాకు దిగులు లేదు తాయారు గారూ" అన్నారు. ఇరవై ఆరేళ్ళలో పెద్దాయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఆయన వెళ్ళాక రెండు డబ్బాలనూ చెరో గూట్లో, మూరెడు ఎడంగా పెట్టి, గూళ్ళ మీద పలకలు బిగించి సున్నం కొట్టాను. బయటికొచ్చేసరికి వీథి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటూ కబుర్లాడుతున్నారు. నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చారు. నా పుణ్యమాని ఇవాళ నీళ్ళొస్తున్నాయని అంది ఒకావిడ. చేతులకున్న సున్నం కొంగుతో తుడుచుకుని బిందె పెట్టాను.

మొన్నటిదాకా మేం దాచామని మాకే తెలియదు. ఇవాళ నేను తెలిసి దాచాను. సమితి వాళ్ళు రెండేళ్ళుగా వెతికినది ఈ దేశంలో ఇవాళ పుట్టింది.

ఆరు నెలలకి లింబాద్రి గారు జొన్నపిండి పట్టుకుని వస్తాడు. ఇంకేమైనా ఉందా అక్కా అని అడుగుతాడు. లేదంటాను. నమ్ముతాడు.